కొరమేను కాపలా కాసిన గింజలు

పట్నం వాడుకున్న నీళ్ళన్నీ మోసుకొచ్చే కాలువ ఒకటి వరిచేల వెనక నుంచి వంకర్లు తిరుగుతూ వచ్చి, తుంగ పెరిగిన ఓ మడుగులో కలుస్తుంది. ఆ మడుగు దగ్గరికి మనుషులు రారు. వాళ్ళు వదిలిన నీళ్ళు చూస్తే వాళ్ళకే అసహ్యం. అందుకని అక్కడ గేదెలదీ బాతులదీ చేపలదీ ఇష్టారాజ్యం. ఎవరి మూల వారిది, ఎవరి గొడవ వారిది. కబుర్లకి మాత్రం అందరికీ బోలెడు తీరిక.

ఆ మడుగులో తుంగదుబ్బుల నడుమ కొరమేను వీర్రాజు కాపురం ఉండేవాడు. మిగతా చేపలు గుడ్లు పెట్టి, వాటి ఖర్మానికి వాటిని వదిలేసి, తమ దారిన తాము పోతాయి. కొరమేను తండ్రి అలా పోడు. నాచూ తుక్కూ నోటితో పీకి పారేసి, దుబ్బుల మధ్య చాపంత చోటు శుభ్రం చేస్తాడు. భార్య అక్కడ గుడ్లు పెడితే అవి తేనెరంగులో, చిన్న చిన్న పూసల్లా నీటి మీద తేలతాయి. వాటి కింద తండ్రి కాపలా పడుకుంటాడు. అల తోసుకుపోయిన గుడ్డుని నోట కరుచుకుని తెచ్చి మళ్ళీ గూట్లో పెడతాడు. తెల్లబడిన గుడ్డు చచ్చిన గుడ్డు కాబట్టి దాన్ని ఏరి అవతల పారేస్తాడు. అన్నాళ్ళూ మేత ముట్టడు. గుక్కెడు గాలి కోసం పైకి రావడం, మళ్ళీ కిందికి పోవడం, అంతే. గూట్లో ఆఖరి గుడ్డు పిల్ల అయ్యేదాకా తండ్రి కదలకూడదని కొరమేనుల కట్టుబాటు. వీర్రాజు తండ్రీ అలాగే కాశాడు, తాతా అలాగే కాశాడు.

"ఎండిపోతావయ్యా, నాలుగు పురుగులైనా నోట్లో వేసుకో," అనేది భార్య సత్తెమ్మ.

"తిండికని పక్కకి తిరిగిన ఘడియలోనే దొంగ వస్తాడే," అనేవాడు వీర్రాజు. ఆ మాట అనేటప్పుడు అతని మొహంలో కాస్త గర్వం కూడా ఉండేది. ఉండనివ్వండి. పిల్లల కోసం పస్తున్నవాడికి ఆ మాత్రం గర్వం తప్పు కాదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే గట్టు మీద నక్క దొరబాబు కొత్త వ్యాపారం తెరిచాడు. పట్నంలో ఎవరో కొట్టువాళ్ళు గడువు తీరిన సరుకు గోనెసంచిలో కట్టి కాలవగట్టున పారేస్తే, దాన్ని పళ్ళతో ఈడ్చుకొచ్చాడు. విప్పి చూస్తే తినేది ఒక్కటీ లేదు, అన్నీ ట్యూబులే. మొహానికి రాసుకుని రుద్దుకునే స్క్రబ్బు. కాలితో నొక్కితే ఘుమఘుమలాడే క్రీము వస్తోంది. ఆ క్రీములో ఆవగింజ కన్నా చిన్న పసుపు గింజలు. ఇంకొకడైతే తిట్టుకుని వదిలేసేవాడు. దొరబాబు మాత్రం సంచి మీద కూర్చుని తీరిగ్గా ఆలోచించాడు.

మొదట దొరికింది గేదె లచ్చి. మనసు మంచిది, కానీ పొగిడితే కరిగిపోతుంది.

"ఏంటి బాబూ ఆ వాసన?" అంది లచ్చి, ముట్టె పైకెత్తి.

"అందం అక్కాయ్, అందం! పట్నంలో ఆడాళ్ళూ మగాళ్ళూ, కాలేజీ పిల్లలూ పొద్దున్నే దీంతోనే మొహం రుద్దుకుంటారు. ఈ గింజలున్నాయి చూశావూ, చర్మంలో దాక్కున్న మట్టిని తవ్వి తీస్తాయి."

"నేను ఏరికోరి ఒంటికి బురద పట్టించుకునేదే ఎండకీ ఈగలకీ ఆగడానికి. అది కాస్తా తవ్వి తీస్తే నాకేం మిగుల్తుంది?"

"మెరుపు మిగుల్తుంది. నీ నలుపుకి మెరుపు తోడైతే ఆకాశంలో మబ్బు కూడా సిగ్గుపడి పక్కకి తప్పుకుంటుంది."

లచ్చి ఒక క్షణం నెమరు ఆపింది. "మరి రుద్దుకున్నాక ఆ గింజలేమవుతాయి?"

"నీళ్ళు పోస్తే పోతాయి."

"పోయి ఎక్కడికెళ్తాయి?"

"పోతాయంటే పోవడమే అక్కాయ్, ఇంకెక్కడికెళ్తాయి? కరిగిపోతాయి. అయినా కంటికి కనబడని దాని గొడవ మనకెందుకు?"

లచ్చి ఒక అడుగు దగ్గరికి వచ్చింది. "మరి నీకేం ఇవ్వాలి?" అంది.

"ఛఛ, అక్క దగ్గర తీసుకుంటానా! స్నానమయ్యాక నన్ను వీపు మీద ఎక్కించుకుని మడుగంతా ఓసారి తిప్పు. తడవకుండా నీటి అందం చూడాలని చిన్నప్పటి నుంచీ కోరిక."

నక్కకి నీటి అందంతో పనేమిటని లచ్చి అడిగి ఉండాల్సింది. కానీ అప్పటికే దాని వీపు మీద చల్లటి క్రీము పడింది. దొరబాబు ముందుకాళ్ళతో గుండ్రంగా రుద్దుతుంటే హాయిగా కళ్ళు మూతలు పడ్డాయి.

రుద్దుడయ్యాక లచ్చి మడుగులో దిగి మునిగి లేచింది. నురగ తేలింది. గాలికి నురగ విరిగిపోయింది. గింజలు మాత్రం విరగలేదు, కరగలేదు. తేలుకుంటూ తుంగదుబ్బుల వైపు కదిలాయి. వాటి వంక ఎవరూ చూడలేదు. లచ్చి నీటిలో తన నీడ చూసుకుంటోంది. దాని వీపు మీద నుంచి దొరబాబు వేరే దాన్ని చూస్తున్నాడు. తుంగ నడుమ తేనెరంగులో తేలుతున్న గుడ్లనీ, వాటి కింద పడుకున్న బలిసిన కొరమేనునీ.

వీర్రాజు గాలి కోసం పైకొచ్చేసరికి గూడు చుట్టూ పసుపు పూసలు చెల్లాచెదురుగా కనబడ్డాయి.

"అయ్యో, ఈ గేదె తొక్కుడికి గూడు చెదిరిపోయింది!" అనుకున్నాడు.

ఇక ఆగలేదు. ఒక్కొక్కదాన్నే నోట కరుచుకుని తెచ్చి గూట్లో చేర్చాడు. తుంగ మొదళ్ళలో ఇరుక్కున్నవాటినీ, తామరాకు అంచున అంటుకున్నవాటినీ వెతికి వెతికి తెచ్చాడు. పొద్దు వాలేవేళకి దవడలు నొప్పెట్టాయి. గూడు మాత్రం మునుపటికన్నా నిండుగా ఉంది.

"చూశావా, ఒక్కటీ పోనివ్వలేదు," అన్నాడు సత్తెమ్మతో.

"ఇన్ని పెట్టానా నేను?" అంది సత్తెమ్మ ఆశ్చర్యంగా. తల్లికి ఆ నిండుతనం చూస్తే సంతోషమే వేసింది. అందుకే అడిగిన ప్రశ్నని అక్కడే వదిలేసింది.

తర్వాత మడుగులో అందరికీ మెరుపు పిచ్చి పట్టింది. లచ్చిని చూసి బాతులు, బాతుల్ని చూసి నీటికోళ్ళు వరసలు కట్టాయి. ఎవరికి తోచింది వారు దొరబాబుకి తెచ్చి పెట్టేవారు. లచ్చి మాత్రం రోజూ వీపు మీద తిప్పేది. నీళ్ళలోకి రోజూ గింజలు వచ్చేవి. వీర్రాజు రోజూ ఏరుకొచ్చేవాడు.

ఇంతలో గుడ్లు పిల్లలయ్యాయి. నీళ్ళలో ఎవరో గుప్పెడు కారం చల్లినట్టు సన్నటి ఎర్రపిల్లలు గూట్లోంచి బయటికి వచ్చాయి. సత్తెమ్మ ఆనందం చెప్పనలవి కాదు.

"రావయ్యా, వచ్చేశాయి! ఇక నువ్వు ముందు, నేను వెనక, పిల్లల్ని తిప్పుకొద్దాం."

వీర్రాజు గూటి వైపు చూశాడు. అక్కడ ఇంకా బోలెడు గుడ్లు తేలుతున్నాయి.

"ఇవి ఇంకా అవలేదే. ఆఖరి గుడ్డు దాకా కదలకూడదు కదా."

"ఇంతమందికి నేనొక్కదాన్ని ఎలా కాపలా కాసేది? కొంగలున్నాయి, నీటిపాములున్నాయి."

"కాస్త ఓపిక పట్టు. ఆలస్యంగా పుట్టేవాళ్ళు మాత్రం మన పిల్లలు కారా?"

సత్తెమ్మ ఆ మాటకి ఎదురు చెప్పలేక పిల్లల్ని తీసుకుని ఒక్కతే వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి చూసింది. తండ్రి గూటి కింద నీడలా ఉన్నాడు, మునుపటి సగం కూడా లేడు.

మర్నాడు లచ్చి వీపు మీద నుంచి దొరబాబు పలకరించాడు. "బావగారూ, చిక్కిపోయారే!"

"ఇవి ఇంకా పిల్లలు కాలేదు దొరబాబూ. ఎప్పుడూ ఇంత ఆలస్యం కాలేదు."

"ఆలస్యంగా పుట్టిన పిల్లలకి ఆయుష్షు ఎక్కువ బావగారూ. కదలకండి. మీలాంటి తండ్రి ఈ మడుగులో ఉన్నాడా? పదిమందీ మీ గురించే చెప్పుకుంటున్నారు."

మాట తియ్యగానే ఉంది. ఆకలితో ఉన్నవాడికి తియ్యటి మాట కూడా కొంత తిండి కిందే పనిచేస్తుంది. దొరబాబు లెక్క మాత్రం వేరు. ఈ చేప ఇలాగే నీరసించి పైకి తేలితే, చేపా తనదే, గుడ్లూ తనవే. అవి గుడ్లేనని అతనికీ అనుమానం లేదు. ట్యూబులోంచి వచ్చిన గింజలు నీళ్ళలో పడ్డాక ఏమయ్యాయో అతను ఒక్కనాడూ తొంగి చూడలేదు. పోతాయని అందరికీ చెప్పి చెప్పి, తానూ అదే నమ్మేశాడు.

కొన్నాళ్ళకి సత్తెమ్మ పరుగున వచ్చింది. దాని పెదవుల మీద ఒక చిన్నపిల్ల, కదలడం లేదు.

"చూడవయ్యా. పొద్దున్నించీ మేత వద్దంది. పొట్ట చూస్తే నిండుగా ఉంది. నీటిపురుగు పెట్టినా, నాచు పెట్టినా 'కడుపు నిండిందమ్మా' అంది. అలా అంటూనే పోయింది. ఇంకా ఇద్దరు ఇలాగే ఉన్నారు."

వీర్రాజు దగ్గరికి వచ్చి చూశాడు. పిల్ల పొట్ట చర్మం ఉల్లిపొర అంత పల్చన. లోపల ఉన్నది బయటికి కనబడుతోంది. పసుపు గింజలు, ఇంకేమీ లేవు.

"గుడ్లు తిందా?" అన్నాడు. "తోడబుట్టినవాళ్ళనే తిందా?"

"నన్నడిగితే నాకేం తెలుసు!" అంది సత్తెమ్మ. ఏడ్చింది.

వీర్రాజు గూటి దగ్గరికి వెళ్ళి ఒక గుడ్డుని నోట్లోకి తీసుకున్నాడు. ఇన్నాళ్ళూ నోట్లో పెట్టుకున్నాడు కానీ అదంతా మోయడానికే. ఇప్పుడు నాలుక మీద పెట్టుకుని ఆగాడు. మెత్తదనం లేదు. వెచ్చదనం లేదు. బతికున్న గుడ్డులో పిల్ల కదులుతుంది, ఇది కదలడం లేదు. చచ్చిన గుడ్డు తెల్లబడి కుళ్ళుతుంది, ఇది ఏరి తెచ్చిన రోజు ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. బతకనూ లేదు, చావనూ లేదు. కొరమేనుల కట్టుబాటులో ఇలాంటి దాని ఊసు లేదు. ఉంటుందని తండ్రికీ తెలీదు, తాతకీ తెలీదు.

అదే సమయానికి లచ్చి స్నానానికి దిగింది. మునిగి లేచేసరికి దాని వీపు మీద నుంచి పసుపు గింజలు జలజలా రాలి, గాలివాటున తేలుతూ తిన్నగా గూటి వైపు వచ్చాయి. వీర్రాజు కళ్ళారా చూశాడు. తన పస్తంతా ఎవరికోసమో అతనికి అర్థమైంది. పిల్లల కోసమనుకుని గేదె ఒంటి మురికి కడిగిన గింజలకి కాపలా కాశాడు. ఆ కాపలాలో అతనుంటే, అసలు పిల్లలు అటు దిక్కులేకుండా తిరిగారు.

"లచ్చక్కా," అన్నాడు నెమ్మదిగా, "నీ ఒంటి మీద నుంచి రాలేవి ఏమిటో చూశావా?"

"అవా? దొరబాబు రుద్దే గింజలు. కరిగి పోతాయంట కదా తమ్ముడూ."

"పోయి నా దగ్గరికే వచ్చాయి. ఇదిగో, ఇక్కడున్నాయి." అని సత్తెమ్మ మోసుకొచ్చిన పిల్లని చూపించాడు.

లచ్చి మెడ వంచి చూసింది. చాలాసేపు చూసింది. దాని పెద్ద కళ్ళలోంచి నీళ్ళు కారాయి. "నేను మెరవడం కోసమా?" అంది.

"ఏడిస్తే ఏం లాభం అక్కా. నువ్వు ఒక్క పని చెయ్యి. రేపు దొరబాబుని గట్టు దిగనివ్వకు. నేనే వాడి దగ్గరికి వస్తాను. నువ్వు పక్కన నిలబడి చూడు, చాలు."

మర్నాడు ఎండ ఎక్కాక వీర్రాజు గూడు మొత్తాన్నీ ముట్టెతో నెట్టుకుంటూ గట్టు దగ్గరికి తెచ్చాడు. వదలాల్సినవేనని తెలుసు. అయినా తోసుకొస్తుంటే ఒకటి పక్కకి జారితే అలవాటు కొద్దీ వెనక్కి వెళ్ళి తెచ్చాడు. ఇన్నాళ్ళ కాపలా అంత తొందరగా ఒంట్లోంచి పోదు.

"దొరబాబూ," అన్నాడు, గొంతు నీరసంగా చేసి. నిజానికి చెయ్యాల్సిన పనేమీ లేదు, ఉన్నదే నీరసం. "నా వల్ల కావడం లేదు. అవతల పిల్లలు అల్లాడుతున్నారు. ఈ మిగిలినవాటిని ఎవరికైనా అప్పగించి వెళ్దామనుకుంటున్నా. నా కష్టం తెలిసినవాడివి నువ్వొక్కడివే."

దొరబాబు నోట్లో నీళ్ళూరాయి. మింగి, మొహం దిగాలుగా పెట్టాడు. "అంత మాటా బావగారూ! మీ పిల్లలు నా పిల్లలు కారా? నిశ్చింతగా వెళ్ళండి. కంటికి రెప్పలా చూసుకుంటా."

"నేనిటు తిరగ్గానే..."

"అయ్యయ్యో, నా మీద ఒట్టు!"

వీర్రాజు తోక తిప్పి మునిగాడో లేదో, దొరబాబు మూతి నీళ్ళలో పెట్టాడు. నమలలేదు. ఎవరైనా చూస్తారేమోనని గబగబా లోపలికి లాగేశాడు. గూడంతా ఒక్కటీ మిగలకుండా ఊడ్చి, నాలిక చప్పరించాడు. అప్పుడు కనుబొమలు ముడిపడ్డాయి.

"రుచి లేదేమిటి? సబ్బు వాసన వేస్తోందేమిటి?"

"వెయ్యకేం చేస్తుంది?" అన్నాడు వీర్రాజు, అడుగు దూరంలో తల పైకెత్తి. "నీ సరుకే కదా. కరిగిపోతుందని చెప్పావుగా, కడుపులో కరుగుతుందేమో చూడు."

దొరబాబు లచ్చి వైపు చూశాడు. లచ్చి కదల్లేదు. "పోతాయంట కదా బాబూ," అంది నెమ్మదిగా. "ఎక్కడికి పోతాయో ఇప్పుడు నువ్వే చెప్పాలి."

అతను కక్కడానికి ప్రయత్నించాడు, గింజలు గొంతులో అంటుకున్నాయి గానీ పైకి రాలేదు. సాయంత్రానికి పొట్ట బిగిసింది. బాతులు తెచ్చిన నత్తలు ముందున్నాయి, నోట్లో పెట్టుకుంటే దిగవు. కడుపు నిండినట్టే ఉంది, ఒంట్లో మాత్రం సత్తువ లేదు. ఆకలి తెలియకుండా ఆకలితో మాడడం అంటే ఏమిటో ఆ నక్కకి తెలిసొచ్చింది. ఎప్పటికో ఎలాగో తేరుకున్నాడు కానీ, మళ్ళీ అరిచి వ్యాపారం చేసే ఓపిక లేకపోయింది. మిగిలిన సంచిని లచ్చి కొమ్ములతో ఎత్తి, నీళ్ళు అందని మెరకలో గొయ్యి తవ్వి పూడ్చేసింది. అప్పటి నుంచీ బురదే దాని అందం. వీపు దురదపెడితే తుమ్మమొద్దుకి రుద్దుకుంటోంది.

ఇక్కడితో అయిపోయిందనుకున్నాడు వీర్రాజు. సత్తెమ్మతో కలిసి మిగిలిన పిల్లల్ని తిప్పుకొస్తూ ఓ పొద్దున కాలవ కలిసే చోటికి వెళ్ళాడు. అక్కడ నీళ్ళ మీద పసుపువి, నీలివి, తెల్లవి సన్నటి గింజలు. దొరబాబు సంచి ఎప్పుడో మట్టిలో ఉంది. ఇవి పట్నం నుంచి నేరుగా వస్తున్నాయి.

వీర్రాజు పిల్లల్ని చుట్టూ నిలబెట్టాడు. కొరమేనుల్లో తండ్రి పిల్లలకి చెప్పే పాఠాలు ఎప్పటి నుంచో ఉన్నాయి. కొంగ నీడ ఎలా గుర్తుపట్టాలి, గాలం ఎలా తప్పించుకోవాలి, ఇలాంటివి. ఆ రోజు వాటికి కొత్త పాఠం ఒకటి చేరింది.

"తేలేది ఏది దొరికినా మింగేయొద్దు. ముందు నాలుక మీద పెట్టుకుని ఆగండి. తిండి అయితే మెత్తబడుతుంది. మెత్తబడకపోతే ఉమ్మేయండి. ఎంత ఆకలేసినా సరే, ఆగండి."

"ఒకటి పొరపాటున మింగితే?" అంది ఒక పిల్ల.

వీర్రాజు ఆ పిల్లని ముట్టెతో తన పక్కకి జరుపుకున్నాడు. "అందుకే ఆగమంటున్నా," అన్నాడు.

ఇంకో పిల్ల కాలవ వైపు చూసింది. "నాన్నా, అవతల వాళ్ళకి మనం ఇక్కడున్నామని తెలీదా?"

వీర్రాజుకి కోపం రావాల్సింది. కానీ గేదె కళ్ళలో నీళ్ళు గుర్తొచ్చాయి. లచ్చి ఎంత మంచిదో అంత ఏమీ తెలియనిది. గట్టు మీద దొరబాబు ఎముకలు తేలి, తూలుకుంటూ నడిచిపోతున్నాడు. పిల్లలన్నీ అటు చూశాయి.

"తెలిసి ఉండదురా," అన్నాడు వీర్రాజు. "మొహం కడుక్కునే ప్రతి ఇంట్లోనూ ఒక దొరబాబు 'పోతాయి' అని చెప్పుంటాడు. ఎక్కడికని వాళ్ళు అడిగి ఉండరు."

నీతి: ఒంటి మీద నుంచి కడిగేసింది లోకంలోంచి పోదు, కింద ఎవరో ఒకరి గూటికి చేరుతుంది.